అమ్మగారి దవడ పన్ను: రూట్ కెనాలా, ఇంప్లాంటా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అమ్మకి 58 ఏళ్ళు. 11 ఏళ్ళుగా షుగర్ ఉంది, మొన్న చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.6 వచ్చింది. కింద కుడివైపు పెద్ద దవడ పన్ను నాలుగేళ్ళ క్రితం పీకించేశాం. ఆ ఖాళీ అలాగే ఉంది. ఇప్పుడు దాని వెనక పన్ను పుచ్చింది. చల్లనీళ్ళు తగిలితే చాలాసేపు లాగుతోంది, రాత్రుళ్ళు నిద్ర ఉండటం లేదు. ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన బిళ్ళలతో నాలుగు రోజులు తగ్గి మళ్ళీ మొదలైంది. పాలకొల్లులో ఒక డాక్టరు గారు ఒకే సిట్టింగ్‌లో మెషీన్‌తో రూట్ కెనాల్ (పంటి నరం తీసి, వేరు కాలువలు కడిగి మూయడం) చేసి, ముందున్న ఖాళీ కూడా కలిపి జిర్కోనియా అనే గట్టి పింగాణీతో బ్రిడ్జి (రెండు పక్క పళ్ళ ఆధారంతో ఖాళీని నింపే కట్టుడు పళ్ళు) వేస్తానన్నారు. భీమవరంలో ఇంకొకరు సీబీసీటీ స్కాన్ (దవడని అన్ని వైపుల నుంచీ చూపే ఎక్స్‌రే) తీసి, పన్ను తీసేసి రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే టైటానియం స్క్రూ పళ్ళు) పెడదామన్నారు. ఇంట్లో పెద్దలు పీకించేస్తే పోతుంది కదా అంటున్నారు. ఈ స్కాన్లూ లేజర్లూ నిజంగా అవసరమేనా? షుగర్ ఉన్నవాళ్ళకి స్కాన్ చేటు చేయదా? పనిలో పనిగా ఇంకొకటి: మా ఆరేళ్ళ పాపకి పాల దవడ పళ్ళు పుచ్చాయి. నల్లగా మారే మందేదో రాస్తామన్నారు, రాయించొచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో స్కాన్ ఉంది, లేజర్ ఉంది, జిర్కోనియా ఉంది. ఆ పన్నులో గట్టి భాగం ఎంత మిగిలిందన్నది మాత్రం ఎక్కడా లేదు. ఉంచాలా పీకించాలా అన్నది తేలేది దాని మీదే. ఇద్దరు డాక్టర్లు చెప్పినదాంట్లోనూ తప్పు లేకపోవచ్చు. కానీ ఆ ఒక్క కొలత తెలియకుండా ఎవరి మాటకీ ఊ అనకండి.

అంతకన్నా ముందు నొప్పి సంగతి. చల్లదనం పోయాక కూడా లాగుడు అరనిమిషం దాటి ఉంటోందన్నా, పడుకోగానే పెరుగుతోందన్నా పంటి లోపలి నరం ఇక కోలుకోలేనంత వాచిందని లెక్క. వాడుకలో నరం అంటాం గానీ అది రక్తనాళాలూ నరాలూ కలిసిన మెత్తని కండ. చుట్టూ రాయిలాంటి గోడ ఉండటంతో వాచడానికి చోటుండదు, అందుకే అంత బాధ. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి రాత్రి మరీ ఎక్కువవుతుంది. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఇది వాపే గానీ చీము పట్టిన దశ కాదు. పైగా చచ్చిపోతున్న కండకి రక్తమే సరిగా అందదు, మందు ఎలా చేరుతుంది? నాలుగు రోజులు తగ్గడానికి కారణం ఆ బిళ్ళల్లో కలిపి ఇచ్చిన నొప్పిమాత్ర అయి ఉంటుంది, లేదా లోపలి కండలో కొంత భాగం చచ్చిపోయి ఉంటుంది. అదే బిళ్ళలు మళ్ళీ కొని వేయకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోగా పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములది ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు దాటకుండా వాడొచ్చు. లివర్ జబ్బు ఉంటే మాత్రం ముందు అడగాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఇన్నేళ్ళ షుగర్ ఉన్నవారు సొంతంగా వేసుకోకూడదు. క్రియాటినిన్ పరీక్ష చూసి, కిడ్నీలు బాగున్నాయంటేనే. లవంగ నూనె ఒక్క చుక్క దూదికి అద్ది పుచ్చులో పెడితే కాసేపు ఊరట ఉంటుంది, చిగురు మీద పడితే మాత్రం పుండు పడుతుంది. దవడ కింద వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోకపోయినా, మింగడానికి కష్టమైనా రేపు చూద్దాం అనుకోవద్దు. కింది దవడ పళ్ళ చీము గొంతు కిందికి దిగితే ఊపిరికే అడ్డం వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళలో అది గంటల్లో ముదురుతుంది. అప్పుడు పంటి క్లినిక్కుకి కాకుండా పెద్ద ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్ళాలి.

ఇక ఉంచాలా తీయాలా అన్నది. ఇది తేల్చడానికి డాక్టరు చేయాల్సిన పనుల్లో కొత్త యంత్రం ఏదీ లేదు. ఒకటి, ఆ ఒక్క పన్ను వేరు కొన దాకా కనబడే చిన్న ఎక్స్‌రే. రెండు, మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీతో పన్ను చుట్టూ చిగురు లోతు కొలవడం. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. చుట్టూ 6, 7 ఉంటే ఎముక కరిగిందన్నమాట. చుట్టూ బాగుండి ఒక్క చోట మాత్రం కడ్డీ సూటిగా లోపలికి దిగిపోతే ఆ పన్ను వేరు దాకా చీలి ఉండొచ్చు, అలాంటిది నిలవదు. మూడు, పుచ్చంతా తీసేశాక చిగురు పైన గట్టి గోడ ఎంత మిగిలిందో చూడటం. చుట్టూరా కనీసం 2 మిల్లీమీటర్ల ఎత్తు, 1 మిల్లీమీటరు మందం ఉండాలి. ఎడ్ల బండి చక్రానికి ఇనప పట్టా బిగించినట్టు క్యాప్ ఆ గోడని చుట్టి పట్టుకుంటుంది. పట్టుకోవడానికి గోడే లేకపోతే ఎంత ఖరీదైన క్యాప్ అయినా నమిలే బలానికి త్వరగా ఊడుతుంది, లేదా వేరుని చీల్చుకుని మరీ వస్తుంది. మూడోది పుచ్చు తీస్తే గానీ తేలదు. అందుకే "తెరిచి చూశాక నిలవదనిపిస్తే అక్కడే ఆపి చెబుతారా, అప్పటికి ఎంత తీసుకుంటారు?" అని ముందే అడగండి. ఈ మాటకి చిరాకు పడని డాక్టరు దగ్గర చేయించండి.

గోడ ఉంటే మా సలహా ఇది: పన్ను ఉంచండి. రూట్ కెనాల్ చేయించి, ఆ ఒక్క పన్నుకే క్యాప్ వేయించండి. ముందున్న ఖాళీని ప్రస్తుతం ముట్టుకోకండి. బ్రిడ్జి ఎందుకు వద్దంటున్నామంటే, నాలుగేళ్ళు ఖాళీ ఉన్న చోట వెనక పన్ను ముందుకి వాలుతుంది, పైదవడ పన్ను కిందికి జారుతుంది. వాలిన పన్నుని బ్రిడ్జికి సరిపడేలా నిలువుగా చెక్కాలంటే ఎక్కువ అరగదీయాలి. ఖాళీకి ముందున్న పన్ను ఏ జబ్బూ లేనిదైతే దాన్నీ చెక్కాలి. పైగా నరం తీసేసిన, పుచ్చి బలం తగ్గిన పన్ను మీద తన బరువుతోపాటు లేని పన్ను బరువు కూడా పడుతుంది. అటు వైపు ఏదో ఒకటి పాడైతే మొత్తం బ్రిడ్జి కోయాల్సిందే. ముందు పన్నుకి ఇప్పటికే పెద్ద సిమెంటో క్యాపో ఉంటే, వాలు కూడా తక్కువైతే అప్పుడు బ్రిడ్జి ఆలోచించదగ్గదే.

రూట్ కెనాల్ పేరు చెబితే పెద్దవాళ్ళకి భయం ఉండటం సహజమే. పాత రోజుల్లో స్టీలు సూదులతో, చేత్తో, నాలుగైదు సార్లు కూర్చోబెట్టి చేసేవారు. వంకర వేర్లలో ఆ సూదులు నిటారుగా పోయి కొత్త దారి తవ్వేవి. 1988లో నికెల్ టైటానియం ఫైళ్ళ (వేరు కాలువని గీకి శుభ్రం చేసే సన్నని సూదులు) గురించి మొదటి పరిశోధన వచ్చింది. ఈ లోహం వంగి మళ్ళీ తన ఆకారానికి వస్తుంది కాబట్టి వేరు వంపు వెంటే తిరుగుతుంది. "మెషీన్‌తో రూట్ కెనాల్" అంటే ఈ ఫైళ్ళని చిన్న మోటారుకి తగిలించి తిప్పడమే. పని వేగంగా, వేరు ఆకారం చెడకుండా అవుతుంది. చిక్కేమిటంటే ఈ ఫైలు పైకి ఏ గుర్తూ చూపకుండా అలిసిపోయి, లోపలే పుటుక్కున విరుగుతుంది. ఒకే ఫైలుని చాలామందికి వాడితే ఈ ప్రమాదం పెరుగుతుంది. కొత్త ఫైలు వాడమని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. విరిగినా ప్రతిసారీ పన్ను పోదు, కాలువ అప్పటికే శుభ్రమై ఉంటే చాలావరకు నిలుస్తుంది. కానీ విరిగిందని మీకు చెప్పాలి.

రెండో మార్పు ఏపెక్స్ లొకేటర్. ఫైలు కొన వేరు చివరకి ఎంత దూరంలో ఉందో విద్యుత్ నిరోధం కొలిచి చెప్పే చిన్న పెట్టె. వేరు చివరకి అర మిల్లీమీటరు, మిల్లీమీటరు ఇవతల ఆగాలి. అంతకన్నా ముందే ఆగితే కుళ్ళు మిగులుతుంది, దాటితే ఎముకలోకి మందు పోయి వారాల తరబడి నొప్పి. ఇదివరకు దీనికి ఎక్స్‌రే మీద ఎక్స్‌రే తీసేవారు.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. అయితే రూట్ కెనాల్ నిలవడానికి అన్నిటికంటే అక్కరకొచ్చేది, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది ఒక రబ్బరు ముక్క. రబ్బరు డ్యామ్ అంటారు. 1864లో అమెరికాలో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. రబ్బరు పలకకి చిన్న కన్నం పెట్టి, పన్ను ఒక్కటే బయటికి వచ్చేలా క్లిప్పుతో బిగిస్తారు. ఉమ్మి కాలువలోకి పోదు, లోపల కడిగే మందు గొంతులోకి పోదు, చేతిలోంచి జారిన ఫైలు మింగుడుపడదు. లక్షల ఖరీదు మైక్రోస్కోపు ఉండి ఇది లేని చోటు కంటే, ఇది వేసి మామూలు పరికరాలతో చేసే చోటు నయం. వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న ఇదే అడగండి.

లోపల శుభ్రం చేసేది ఫైలు కంటే ఎక్కువగా మందునీరే. సోడియం హైపోక్లోరైట్, 2.5 నుంచి 5.25 శాతం దాకా వాడతారు. బ్లీచింగ్ జాతిదే. వేరు గోడల్లో సూది చేరని పక్క కాలువల్లో కండని కరిగించి క్రిములని చంపుతుంది. చివర్లో 17 శాతం ఈడీటీఏతో గోడకి పట్టిన పొడిపూత తీస్తారు. ఈ నీళ్ళని సూదితో గట్టిగా నెడితే వేరు కొన దాటి బయటికి పోయి, ఒక్కసారిగా మంట, నిమిషాల్లో బుగ్గ వాపు వస్తాయి. అందుకే పక్కకి కన్నం ఉన్న సూదితో మెల్లగా పోయాలి. కింది రెండో దవడ పన్నులో కాలువలు కొందరికి విడివిడిగా కాకుండా అరచంద్రంలా కలిసిపోయి ఉంటాయి. ఒక కాలువ దొరకకుండా మిగిలిపోతే ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ చీము. ఎక్స్‌రేలో వేర్లు అలా అనుమానంగా కనిపిస్తే సీబీసీటీకి అర్థముంది.

ఒకే సిట్టింగా, రెండా? నరం ఇంకా బతికి ఉండి వాచిన దశలో ఒకే సిట్టింగ్‌లో ముగించినా, రెండింట్లో ముగించినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలువలోంచి చీమూ నీరూ వస్తూ ఆరకపోతే కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి వారం పది రోజులాగాలి. ముందే "ఒకే సిట్టింగ్" అని మాట ఇచ్చేయడం కంటే తెరిచాక చూసి చెబుతానన్న మాట నయం.

మత్తు గురించి ఒక మాట. మనం వాడే లిడోకైన్‌ని స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారు చేశాడు, ఇవాళ్టి పంటి వైద్యమంతా దాని మీదే నడుస్తోంది. కానీ కింది దవడలో వాచిన నరానికి ఒక్కోసారి పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారదు. డాక్టరు చేతగానితనం అనుకోకండి. వాపు ఉన్న చోట ఆ మందు నరంలోకి సరిగా దిగదు. అప్పుడు బుగ్గవైపు ఆర్టికైన్ ఇంకో ఇంజెక్షన్, లేదా పన్నుకీ ఎముకకీ మధ్య సందులో కొద్దిగా ఇస్తారు. నొప్పి తెలిస్తే ఓర్చుకోకుండా ఎడమ చెయ్యి ఎత్తమని అమ్మగారికి ముందే చెప్పండి. మన ఆడవాళ్ళు ఓర్చుకుంటారు, అదే చిక్కు. పొద్దున పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. టిఫిన్ తిని, షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుని వెళ్ళాలి. పరగడుపున మాత్ర వేసుకుని వెళ్తే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. గుండెకి ఆస్పిరిన్ లాంటిది వాడుతుంటే ఆ చీటీ తీసుకెళ్ళండి, సొంతంగా ఆపేయకండి.

రూట్ కెనాల్ అయ్యాక నొప్పి పోయింది కదా అని క్యాప్ వాయిదా వేయడం మనవైపు మామూలే. కోతలయ్యాక చూద్దాం, చెరువు పట్టుబడయ్యాక చూద్దాం అంటారు. ఈలోగా పన్ను నిలువునా చీలుతుంది. నరం తీసేసినందుకు కాదు, పుచ్చు పోయి, తెరవడానికి మధ్యలో తొలిచి గోడలు విడివిడిగా నిలబడటం వల్ల. రెండు మూడు వారాల్లో క్యాప్ పడాలి. ఆ లోపు ఆ వైపు జంతికలు, చెరుకు, వక్కలు వద్దు.

జిర్కోనియా మంచి పదార్థమే. గట్టిది, విరగడం అరుదు, పై పింగాణీ పెచ్చులూడే గొడవ ఉండదు. అయితే వెనక పన్ను నవ్వితే కనబడదు. పూర్తి లోహపు క్యాప్ అయితే పన్నుని ఇంకా తక్కువ చెక్కితే చాలు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. డబ్బు ఇబ్బందైతే అది అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొలత పిండితో తీసినా, నోట్లో కెమెరా తిప్పే స్కానర్‌తో తీసినా ఒక్క పన్నుకి ఫలితం దాదాపు ఒకటే. స్కానర్‌తో వాంతి వచ్చే బాధ ఉండదు, అంతే. క్యాప్ అతికించే రోజు చూసుకోవాల్సినవి: పళ్ళు మూస్తే అది ఒక్కటే ముందు తగలకూడదు. పక్క పన్నుకీ దానికీ మధ్య దారం బిగువుగా దిగాలి, పీచు పీచుగా తెగకూడదు. తెగిందంటే అంచు గరుకుగా ఉందనో, సిమెంటు మిగిలిందనో. ఎత్తుగా ఉంటే అదే అలవాటవుతుందని ఎవరైనా అంటే వినకండి, అప్పుడే అరగదీయించండి.

ఇప్పుడు ఇంప్లాంట్. ఇది నిజంగానే పెద్ద ముందడుగు. స్వీడన్ వైద్యుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో టైటానియం అమర్చి రక్తప్రసరణ చూస్తుంటే, చివరికి ఆ లోహం ఎముకకి అంటుకుపోయి ఊడిరాలేదు. 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో ఆ పద్ధతిలో పెట్టాడు. ఎముక దానికి అంటుకోవడానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటుకోవడమన్నది బతికున్న ఎముక చేసే పని కాబట్టి షుగర్ మాట వస్తోంది. 8.6 ఉన్నప్పుడు పుండు ఆలస్యంగా మానుతుంది, క్రిములు చేరతాయి. షుగర్ ఉన్నవాళ్ళకి పెట్టకూడదన్నది పాత మాట, అదుపులో ఉంటే పెడుతున్నారు, నిలుస్తున్నాయి. హెచ్‌బీఏ1సీ 7.5 లోపు, కుదిరితే 7 దగ్గరికి తెచ్చాక ఆ ఖాళీలో ఒక్క ఇంప్లాంట్ గురించి ఆలోచించండి. నాలుగేళ్ళు ఆగిన ఖాళీ ఇంకో ఆర్నెల్లు ఆగుతుంది. అసలు ఆ వైపు నమలడానికి ఇబ్బంది లేదంటే వేయించకపోయినా ప్రాణం మీదికి రాదు.

అందులో ఏది తప్పుతుందో కూడా తెలుసుకోండి. ఎముక 47 డిగ్రీల వేడికి ఒక్క నిమిషం గురైతే దెబ్బతింటుంది. డ్రిల్లు మీద సెలైన్ ధార ఆగకుండా పడాలి, డ్రిల్లు మొండిదై ఉండకూడదు. కింది దవడలో పెదవికి వెళ్ళే నరం కాలువలో నడుస్తుంది, ఇంప్లాంట్ కొన దానికి కనీసం 2 మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. లేకపోతే కింది పెదవీ గడ్డమూ తిమ్మిరి పట్టి కొందరికి అలాగే ఉండిపోతుంది. సీబీసీటీ అసలు అవసరం ఇక్కడ. మామూలు ఎక్స్‌రే పొడవు చూపిస్తుంది, ఎముక వెడల్పు చూపించదు. కాబట్టి భీమవరం డాక్టరు గారు స్కాన్ అడగడం న్యాయమే, ఇంప్లాంట్ పెట్టే పనైతే. పెట్టాక దాని కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు అడిగి దాచుకోండి. పదేళ్ళకి స్క్రూ వదులైతే ఏ పానా సరిపోతుందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇంప్లాంట్ పుచ్చదు గానీ దాని చుట్టూ చిగురుకి చీము పట్టి ఎముక కరుగుతుంది. చుట్టా, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళలో మరీను.

స్కాన్ భయం గురించి. 1896 జనవరిలో జర్మనీలో ఓటో వాల్కాఫ్ తన పళ్ళకి ఎక్స్‌రే తీసుకోవడానికి 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు డిజిటల్ సెన్సర్‌కి సెకనులో చిన్న భాగం చాలు. ఒక్క పన్ను ఎక్స్‌రేకి సుమారు 5 మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనిషికి సహజంగా తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2400, అంటే రోజుకి ఆరున్నర. దవడ మొత్తం తీసే ఓపీజీకి సుమారు 10 నుంచి 25. సీబీసీటీ మెషీన్‌ని బట్టి, ఎంత మేర తీశారన్నదాన్ని బట్టి కొన్ని పదుల నుంచి వంద దాటి కూడా ఉంటుంది. అందుకే "కావలసిన చోటు వరకే తీయండి" అనాలి. షుగర్‌కీ దీనికీ సంబంధం లేదు. మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో కిడ్నీల సంగతి చూస్తారు, దీంట్లో మందు ఎక్కించరు.

లేజర్ చిగురు కోయడానికి, రక్తం తక్కువ కారడానికి పనికొస్తుంది. రూట్ కెనాల్‌లో మందునీటిని కదిలించడానికీ కొందరు వాడతారు. అది ఉంటే నొప్పి ఉండదన్నదీ, మత్తు అక్కరలేదన్నదీ ప్రచారం. దాని కోసం వేరే డబ్బు అడిగితే ఏ పనికో అడగండి.

ఇన్ని మాటల్లో అమ్మగారికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది, అన్నిటికంటే తక్కువ ఖర్చుది వేరే ఉంది: గార తీయించడం. చిగుళ్ళ జబ్బుకీ షుగర్‌కీ రెండు వైపులా లంకె. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు వాస్తాయి, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ దిగదు. చిగుళ్ళ జబ్బున్నవారికి వేర్ల దాకా శుభ్రం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతున్నట్టు పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. మందుబిళ్ళకి బదులు కాదు, దానికి తోడు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. ఎముక ముందే కరిగిపోయి, గట్టిపడ్డ గారే పళ్ళని ఒకదానికొకటి అంటించి ఉంచుతుంది. అది తీయగానే అసలు కదలిక బయటపడుతుంది. ఆలస్యమైన కొద్దీ ఇంకా కరుగుతుంది. అమ్మగారికి ఆర్నెల్లకోసారి, చిగుళ్ళ లోతు ఎక్కువుంటే మూడు నాలుగు నెలలకోసారి చేయించండి.

పాప విషయానికొస్తే, ఆ నల్ల మందు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, 38 శాతం ద్రావణం. వెండి క్రిములని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డ పన్నుని గట్టిపరుస్తుంది. డ్రిల్లు లేదు, సూది లేదు. పన్ను ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో అద్ది ఒక నిమిషం ఉంచితే చాలు. ఒక్క చుక్క ఐదారు పళ్ళకి వస్తుంది. పెదవులకి వాసెలైన్ రాయకపోతే మచ్చలు పడి వారం పది రోజులుంటాయి, కంగారు పడకండి. పుచ్చిన భాగం బొగ్గులా నల్లబడుతుంది, అది మందు పట్టిందనడానికి గుర్తు. మళ్ళీ ఆర్నెల్లకి రాయించాలి, ఒక్కసారితో వదిలేస్తే కొన్ని పళ్ళలో పుచ్చు మళ్ళీ మొదలవుతుంది. దవడ పళ్ళకి నలుపు కనబడదు కాబట్టి నిస్సంకోచంగా రాయించండి. రాయించకూడనిది ఎప్పుడంటే, పాప రాత్రి నొప్పితో లేస్తున్నా, చిగురు మీద చీముగడ్డ ఉన్నా. అప్పటికి నరం పోయింది, పాలపన్ను రూట్ కెనాలో తీయడమో కావాలి. వెండి పడని పిల్లలకి కూడా వద్దు. పాలపళ్ళే కదా, ఊడిపోతాయి కదా అనుకోకండి. వెనక దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే పోతే వెనకది ముందుకి జరిగి, కింద నుంచి రావాల్సిన శాశ్వత పన్నుకి చోటుండదు.

పాలపళ్ళన్నిటి వెనక, ఏదీ ఊడకుండానే, ఈ వయసులో ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అమ్మగారికి నాలుగేళ్ళ క్రితం తీయించింది కూడా ఆ మొదటి పెద్ద దవడ పన్నే అయి ఉంటుంది. అది పూర్తిగా బయటికి రాగానే పై గాడులకి సీలెంట్ వేయించండి. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌ని కొద్ది సెకన్లు పట్టించి, కడిగి, ఆరబెట్టి, పల్చటి రెజిన్ పోసి నీలి లైటుతో గట్టిపరుస్తారు. ఆరబెట్టాక పన్ను సుద్దలా తెల్లగా కనిపించాలి. ఆ తర్వాత ఉమ్మి తగిలితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి, లేకపోతే నెలల్లో లేచిపోతుంది.

బ్రష్‌కి కచ్చికా, బొగ్గుపొడీ వద్దు, ఎనామెల్ అరుగుతుంది. 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు, పాపకి బఠాణీ గింజంత. రాత్రి తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. ఆ పూత పళ్ళ మీద ఉంటేనే పని చేసేది. నల్గొండ ఫ్లోరైడ్ మచ్చల గురించి విని భయపడతారు. అవి ఏళ్ళ తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్ళు తాగితే వచ్చేవి. ఉమ్మేసే పేస్టుతో కాదు. మీరు బోరునీళ్ళే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి, లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే నిశ్చింత. పూతరేకులూ కాజాలూ మానిపించక్కర్లేదు. అన్నం తిన్న వెంటనే పెట్టేయండి. తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరిగి, పీహెచ్ 5.5 కిందికి పోయి, తేరుకోవడానికి అరగంట దాకా పడుతుంది. సాయంత్రమంతా చేతిలో జీళ్ళ పొట్లం ఉంటే ఆ అరగంట ఎప్పటికీ రాదు.

వరస చెబుతాం. ఈ వారంలోనే అమ్మగారికి ఎక్స్‌రే, చిగురు కొలత, పన్ను తెరవడం. గోడ ఉంటే రూట్ కెనాల్, లేకపోతే పీకించడం. అది కూడా షుగర్ చూశాకే. ఆ రోజు 250 దాటి ఉంటే ముందు మీ షుగర్ డాక్టరుతో మాట్లాడాలి, నొప్పి భరించలేకపోతే మాత్రం నరం తీసే పని ఆపకూడదు. మూడు వారాల్లోగా క్యాప్, ఆ మధ్యలోనే గార తీయించడం. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ. ఖాళీ సంగతి ఆ కాగితం చూశాక. ఎవరి దగ్గర చేయించినా రూట్ కెనాల్ తర్వాత తీసిన చివరి ఎక్స్‌రే ఫోన్‌లోకి పంపించుకోండి. ఖర్చు ఎక్కువనిపిస్తే భీమవరంలోనూ రాజమండ్రి వైపునా డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కింద చేస్తారు, సమయం ఎక్కువ పడుతుంది, రెండు మూడుసార్లు తిరగాలి, కానీ ప్రతి మెట్టూ ఇంకొకరు చూసి సంతకం పెట్టాకే ముందుకి సాగుతుంది.